కొండలమీద అడవి మరల పెరుగు విధము

కొట్టివేసిన కొండమీద అడవి మరల పెరుగునా యని రైతులు తఱచుగా అడుగుచుందురు. పెరుగును, కాని కొండయంతటను ఒకే తీరున పెరుగదు. ఎచ్చట ముందు పెరుగునో, ఎచ్చట ఏల పెరుగదో తెలిసికొనినచో పశువుల మేతకును, వంటచెఱకునకును, చెఱువులకును మేలు కలుగును.

బనగానపల్లెకు పడమట ఎఱ్ఱమలలును, కుందేటి లోయ కావల తూర్పున నల్లమలలును కలవు. వీనియందు ఎండకాలమున ఆకు రాల్చు చెట్లే హెచ్చు. ఇట్టి యడవి విత్తనముకంటె మోడునుండియే మిక్కిలిగా లేచును. చిరుమాను, నల్లమద్ది, టేకు మొదలగువానిని నఱికినను, వేళ్లు బ్రదికియుండును గనుక తొలకరికి పిలకలు వేయును. పాతవేరు బలముచే పిలక విత్తనపు మొక్కకంటె వేగముగా ఎదుగును. అయితే పలుమాఱు నఱికిన మోడు తుదకు చచ్చును. కావున అక్కడక్కడ విత్తనమునకై పెద్దచెట్లను విడువవలెను.

మొట్టమొదట పచ్చబడునవి వంకల యొడ్డులును, కొండ యడుగు పల్లములును. పైనుండి వచ్చిన మట్టియు తేమయు అచ్చట నిలుచును. మిగిలిన యడవికి దాపుననున్న వాలులు తరువాతివి. పక్షులును గాలియు విత్తనములను తెచ్చివేయును. మన్ను కొట్టుకొనిపోయి ఱాయి తేలిన చోట్ల ఏండ్ల తరబడి గడ్డియు ముండ్లపొదలును మాత్రమే యుండును. ఊరికి దగ్గఱి వాలులు తేమయున్నను పెరుగవు. ఏలయన, మేకలు లేతపిలకలను కొఱుకును. గడ్డికై పెట్టిన నిప్పు మిగిలినవానిని కాల్చును. మేకలు ముట్టని సీతాఫలము, బందారు మాత్రమే మిగులుట ఇందుకు గుఱుతు.

వెస్టిండీసులోని పోర్టోరికో దీవిలో 1940 ప్రాంతమున అడవి నూటికి పదిపాళ్ల లోపుగా నుండెను. జనులు కొండసేద్యము మాని పట్టణములకు పోగా, 1990 నాటికి ముప్పదిపాళ్లకు మించెను. అందు చాలభాగము ఎవరును నాటినది కాదు. అచ్చట వానలు మెండు. మన కొండలలో అదే పని నెమ్మదిగా జరుగును.

అడవివలన వాన హెచ్చునని నమ్మి కూర్చుండరాదు. దాని నిశ్చయమైన మేలు వేఱు. ఆకుచెత్తయు వేళ్లును వాననీటి పరుగును తగ్గించి మన్నును పట్టియుంచును. చెఱువులో పూడిక తగ్గును.

గ్రామస్థులును అటవీశాఖయు కలిసి అడవిని కాపాడుటకు 1992లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వన సంరక్షణ సమితుల పద్ధతిని ప్రవేశపెట్టెను. ఆ త్రోవలోనే, శాఖవారి యనుమతితో, వాలును పాళ్లుగా విభజింపవచ్చును. ఒక పాలును మేకలకు మూసి, గడ్డిని కొడవలితో కోసికొనిపోనిచ్చి, పిలకలు మేకల నోటి కందనంత ఎదిగిన పిమ్మట రెండవదానిని మూయవలెను. వేసవికి ముందే ఎండుగడ్డిని బాటగా చెక్కివేసినచో నిప్పు దాటదు. మేకల కాపరికి మేకలే జీవనము. అతనికి వేఱొక మేతపాలు చూపక చేసిన కట్టడి నాలుగు నెలలైనను నిలువదు. కావున సంఘసభ్యులు కాపరులను కూడ పిలిచి, అందఱును ఒప్పుకొనిన పిమ్మటనే హద్దులు నిర్ణయింపవలెను.