వజ్రపు ముల్లు, పాత రికార్డు

తొలకరి పడినంతనే వజ్రకరూరు పొలములలో జనులు తలలు వంచి నేలను వెదకుట మన అనంతపురము సీమవారికి క్రొత్త సంగతి కాదు. అట్టి రాతి తునుకయే, నగకు పనికిరానంత చిన్నది, రికార్డు ప్లేయరు చేతి చివర నుండి పాటను పలికించునని మాత్రము మన విద్యార్థులలో పలువురు ఎరుగరు. గ్రామఫోను నాటినుండి మన పెద్దలు దానిని ‘ముల్లు’ అనుచున్నారు. మేమును ఆ పేరే వాడుదుము.

పాత మిద్దె యిండ్ల అటకలమీద, రేకు పెట్టెలలో, ఇంకను రికార్డులు ఉన్నవి. నాటక పద్యములు, ఖవ్వాలీలు, నాతులు, గజళ్ళు వానిలో నున్నవి. 1974లో ఘంటసాల మరణించిన పిమ్మట వెలువడిన భగవద్గీత వంటివి నేడు ఏదో యొక రూపమున దొరకును. కాని అంతటి పేరు లేని గాయకులు పాడిన రికార్డులలో మరల వెలువడనివి ఎన్నియో గలవు. ఆ పళ్ళెము అరిగినచో ఆ గొంతు పోయినట్లే. కళాశాలలో శ్రవణగోష్ఠి జరుపదలచి, ఇండ్లనుండి రికార్డులు తెండని విద్యార్థులను కోరుటకు ముందు కార్యవర్గమువారు ఆలోచింపవలసినది ఇదియే. అరిగిన ముల్లు పైకి పాట వినిపించుచునే ఉండును. లోపల ఉలివలె గాడిని చెక్కుచుండును. ఆ నష్టమును ఏ యంత్రమును పూడ్చలేదు. కావున క్రొత్త స్పీకర్లు కొనుటకు ముందు, ప్లేయరును మార్చుటకు ముందు, ముల్లును మార్చవలెనని మా అభిప్రాయము.

గాడి గోడలలోని వంకరలే ధ్వని. ముల్లు వాని వెంట కదలును. వెనుకనున్న సన్నని కడ్డీ ఆ కదలికను కార్ట్రిడ్జికి చేర్చును. కార్ట్రిడ్జి దానిని విద్యుత్తుగా మార్చును. చవుక ప్లేయర్లలో సాధారణముగా క్రిస్టల్ కార్ట్రిడ్జియో, సెరామిక్ కార్ట్రిడ్జియో ఉండెడిది. క్రిస్టల్ అనగా రోషెల్ లవణపు స్ఫటికము. సుమారు 55 డిగ్రీల వేడికి అది చెడును. మన మే నెల ఎండలో, రేకుల కప్పు క్రింద మూసియుంచిన పెట్టెలో ఆ వేడి పుట్టుట వింత కాదు. అట్లు చెడిన కార్ట్రిడ్జికి ఎంత మంచి ముల్లు పెట్టినను ఫలము లేదు. సెరామిక్ ఎండకు తాళును. ఈ రెంటికంటె మేలైనది అయస్కాంతపు కార్ట్రిడ్జి. సెరామిక్ ముల్లు రికార్డుపై ఐదారు గ్రాముల బరువు మోపగా, ఇది రెండు గ్రాములతో పని నెరవేర్చును. అయితే ఇది పుట్టించు విద్యుత్తు కొన్ని మిల్లీవోల్టులే గనుక వేరొక ఫోనో ప్రీయాంప్లిఫయరు కావలెను. పాత ప్లేయరు మొద్దు చేతికి దీనిని తగిలించుట ఒకే కాడికి ఎద్దును, మేకను కట్టినట్లగును.

ఇక మొన ఆకారము. సాధారణపు ముల్లు మొన గుండ్రముగా నుండును. దాని వ్యాసార్ధము సుమారు 18 మైక్రానులు, అనగా మిల్లీమీటరును వేయి భాగములు చేయగా అందులో 18. లాంగ్ ప్లే రికార్డు నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగును. వెలుపలి అంచున గాడి ముల్లు క్రింద సెకనుకు సుమారు 51 సెంటీమీటర్లు సాగును. లోపలి కొసన చుట్టు చిన్నది గనుక సుమారు 21 సెంటీమీటర్లే. సెకనుకు పదివేల కంపనములుగల సన్నని ధ్వనిని తీసికొందము. వెలుపల దాని అల యొక్కటి 51 మైక్రానుల పొడవున హాయిగా ఒదుగును. లోపల 21 మైక్రానులలో ఇరుకవలెను. అందు సగము మిట్ట, సగము పల్లము. పదిన్నర మైక్రానుల పల్లములోనికి 18 మైక్రానుల గుండు సరిగా దిగుట ఎట్లు? కావుననే రికార్డు చివరి పాటలో ‘స’కార ‘శ’కారములు గరగరలాడును. దోషము గాయకునిది కాదు.

దీర్ఘవృత్తాకారపు మొన గోడలను తాకు ప్రక్కలలో సుమారు 8 మైక్రానుల వ్యాసార్ధమే కలది. అది ఆ పల్లములలోనికి దిగగలదు. బేగం అఖ్తర్ గజలు చివరి షేరు కూడ మొదటి షేరువలె తేటగా వినబడుటలో ఉన్న రహస్యము ఇంతియే. ఇంతకంటె సూక్ష్మమైన షిబాటా మొనను 1970వ దశకపు ఆరంభమున జపానులో నాలుగు చానెళ్ళ రికార్డులకై రూపొందించిరి. అది గోడను పొడవుగా తాకును. కాని వెల హెచ్చు, అమరిక కష్టము. కళాశాలకు దీర్ఘవృత్తపు మొన చాలును.

78 చుట్ల రికార్డుల సంగతి వేరు. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడిన నాటినుండి వచ్చిన ఆ లక్క రికార్డుల గాడి వెడల్పైనది. దానికి సుమారు 75 మైక్రానుల మొన కావలెను. లాంగ్ ప్లే ముల్లు అందులో అడుగునకు జారి, అచ్చటి దుమ్మును గీకి బుసకొట్టును. 78 ముల్లును లాంగ్ ప్లేపై పెట్టుట యన్ననో రికార్డును చంపుటయే. ఆడియో-టెక్నికావారి వి.యం.95 వరుసలో ఒకే కార్ట్రిడ్జికి గుండ్రని ముల్లు, దీర్ఘవృత్తపు ముల్లు, షిబాటా ముల్లు మార్చి మార్చి తొడుగవచ్చును. ష్యూర్ సంస్థ 2018లో కార్ట్రిడ్జుల తయారీని మానినను, వాని ముల్లులను జపానులోని జికో సంస్థ చేయుచున్నది. పాత అంగళ్ళలో నలుబదియేండ్లుగా మిగిలిన ‘వాడని’ ముల్లును మాత్రము కొనరాదు. వజ్రము అరుగకున్నను, కడ్డీని పట్టియుంచు రబ్బరు గట్టిపడి యుండును.

తొడుగుట సులభము. కార్ట్రిడ్జిని కదపక, ముల్లు గుల్లను నేరుగా ముందునకు లాగి, క్రొత్తదానిని అట్లే నెట్టవలెను. పిమ్మట తయారీదారు చెప్పిన బరువును చేతికి అమర్చవలెను. తక్కువ బరువు రికార్డుకు మేలని పలువురు తలతురు. బరువు చాలని ముల్లు గాడిలో ఎగిరిపడి గోడలను మరింత కొట్టును. వజ్రపు ముల్లు ఆయువు సుమారు 500 మొదలు 1000 గంటలు. దినమున కొక గంట విన్నచో రెండేండ్లు అనుకొనవచ్చును.

ఆషాఢపు గాలి మన పీఠభూమిపై రేపు దుమ్ములోని ఇసుక రేణువు రికార్డుకంటె గట్టిది. ప్రతి ప్రక్కకు ముందు మెత్తని కుంచెతో రికార్డును, తరువాత ముల్లును వెనుకనుండి ముందునకు మాత్రమే తుడువవలెను. ప్లాస్టిక్ రికార్డును బట్టీపట్టిన నీటితో కడుగవచ్చును. లక్క రికార్డుకు స్పిరిటు తగులరాదు. లక్క అందులో కరగిపోవును.