బ్యాటరీకి చిలుము

విజయవాడ ఆటోనగర్‌కు ఓ పాత కారు వచ్చింది. తాళం తిప్పితే 'టిక్' మంటుంది. ఇంజను తిరగదు. బ్యాటరీ పోయిందా? కొత్తది కొనాలా?

మెకానిక్ తొందరపడలేదు. బ్యాటరీ పైన రెండు గుబ్బలు ఉంటాయి. వైర్లు బిగించేది వాటికే. వాటి చుట్టూ తెల్లటి పొడి పేరుకుంది. అదే చిలుము. చిలుము పడితే కరెంటు సరిగా పారదు.

రాగి చెంబును చింతపండుతో తోముతారు కదా! ఇక్కడ పులుపు పనికిరాదు. బ్యాటరీలో ఉండేదే యాసిడ్. దాన్ని విరిచేది తినే సోడా.

ముందు మైనస్ వైరు, తరువాత ప్లస్ వైరు విప్పాడు. సోడా కలిపిన నీళ్ళతో రుద్దాడు. నీళ్ళు లోపలికి పోనివ్వలేదు. తడి తుడిచాడు. ముందు ప్లస్, చివర మైనస్ బిగించాడు. పైన వాజలిన్ రాశాడు. కారు కదిలింది!

జాగ్రత్త! బ్యాటరీ దగ్గర బీడీ, అగ్గిపుల్ల వద్దు. బంగారు గాజులు, ఉంగరాలు ఉంటే ముందే తీసెయ్యాలి.