స్లిమ్ నది నుండి మున్యోజ్ దాకా: జపాను రెండవ ట్యాంకు డివిజన్ కథ

1942 ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్నం, కాకినాడ రేవులమీద జపాను విమానాలు బాంబులు వేసిన సంగతి మన యిళ్ళలో పెద్దల నోట చాలమంది వినే వుంటారు. ఆ నెలలోనే చెన్నపట్నంలో జనం పెట్టే బేడా సర్దుకొని రైళ్ళెక్కి లోపలి జిల్లాలకు తరలిపోయారు. అంతటి భయం ఒక్క రోజులో పుట్టినది కాదు. అంతకు మూడు నెలల ముందు మలయా దేశంలో జరిగినదేమిటో తెలిస్తేగాని ఆ భయం మనకు అర్థం కాదు. ఆ రోజు మలయాలో గెలిచిన ట్యాంకు పటాలమే మూడేళ్ళ తరువాత ఫిలిప్పీను దీవులలో ఒక చిన్న ఊళ్ళో మన్ను కప్పుకొని కూర్చుని నాశనమైంది. ఆ పటాలాన్ని తనలో కలుపుకొన్న జపాను రెండవ ట్యాంకు డివిజన్ సంగతులు యీ నెల చదువరుల ముందు వుంచుతున్నాము.

మొదట మలయా. పేరక్ రాష్ట్రంలో స్లిమ్ నది అని ఒక నది వుంది. పేరక్ పేరు మనవారికి కొత్తది కాదు. సర్కారు జిల్లాలనుండి వలస వెళ్ళిన తెలుగు కూలీలు ఆ రాష్ట్రంలో బాగన్ దాతో కొబ్బరి తోటలలోను, రబ్బరు తోటలలోను తరతరాలుగా వుంటున్నారు. ఆ స్లిమ్ నదికి ఉత్తరాన, అడవిలో గుండా పోయే ఒకే ఒక రోడ్డు మీద, బ్రిటిషువారి 11వ ఇండియన్ డివిజన్ జపాను సేనను ఆపడానికి కాచుకొని వుంది. అందరికంటె ముందు నిలబడినది 19వ హైదరాబాదు రెజిమెంటులోని నాల్గవ పటాలం. నైజాము కాలపు దండునుండి వచ్చిన పేరే గాని, అందులోవారు చాలవరకు కుమావూను కొండలవారు, జాట్లు, అహీరులు. 1945లో ఆ రెజిమెంటు పేరే కుమావూను రెజిమెంటుగా మారింది. అంతకు ముందు వారాల తరబడి వెనక్కు నడుస్తూ, పగలు విమానాల కింద, రాత్రి వానలో, కంటిమీద కునుకు లేక ఆ సిపాయిలు వడలిపోయి వున్నారు. మలయాలో ఆనాటికి బ్రిటిషువారి దగ్గర ఒక్క ట్యాంకు కూడ లేదు. అడవి దేశంలో ట్యాంకులు పనికిరావని పెద్ద పెద్ద సేనానులే అనుకొన్నారు!

1942 జనవరి 7న తెల్లవారుజామున మూడున్నర గంటల వేళ జపానువారి ఆరవ ట్యాంకు రెజిమెంటుకు చెందిన సుమారు ముప్ఫై ట్యాంకులు, షిమాద అనే మేజరు ఆధ్వర్యంలో, అదే రోడ్డుమీద వరుసగా బయలుదేరాయి. చీకటిలో ట్యాంకు దాడి అప్పటికి వింత. అడ్డంకులు పెట్టినచోట కాస్త ఆగి, వాటిని తొలగించుకొని, పాత రోడ్డు వంకలలోనుండి చుట్టు తిరిగి, మళ్ళీ ముందుకు సాగాయి. వెనుకనున్న దళాలకు ముందు ఏమి జరిగినదో కబురే అందలేదు. టెలిఫోను తీగెలు తెగిపోయాయి. రోడ్డువెంట నడిచి వస్తున్న గూర్ఖా పటాలం ఒకటి వెనుకనుండి వచ్చిన ట్యాంకుల పాలబడింది. వంతెనలకు మందుపాతరలు పెట్టి వున్నా పేల్చేవారు పేల్చేలోపలే ట్యాంకులు పైకి వచ్చేశాయి. ఒక యువ అధికారి ట్యాంకు దిగి, తన కత్తితో ఆ మందుపాతర తీగె తెగ నరికాడని చెబుతారు. సుమారు ఆరు గంటలలో ఆ ముప్ఫై ట్యాంకులు పంతొమ్మిది మైళ్ళు చొచ్చుకొనిపోయాయి. చివరకు వంతెన దాటి రెండు మైళ్ళ అవతల ఒక ఫిరంగి దళంవారు దాదాపు యెదురెదురుగా గురిపెట్టి ముందున్న ట్యాంకును పేల్చినప్పుడుగాని ఆగలేదు. మధ్యాహ్నానికి రెండు బ్రిగేడులు పేరుకు మాత్రమే మిగిలాయి. నాలుగు రోజులకు కౌలాలంపూరు, ఫిబ్రవరి 15న సింగపూరు పడిపోయాయి. ఆ పై కష్టం తోటలలోని మనవారిది. తమిళులతోపాటు తెలుగువారిని కూడ సయాము–బర్మా రైలుమార్గం పనికి తోలుకొనిపోయారు. వెళ్ళినవారిలో యెందరో తిరిగి రాలేదు.

ఆ గెలుపు చూసినవారెవరైనా జపాను ట్యాంకు గొప్పదనుకొంటారు. నిజానికి అది గొప్పది కాదు. జపానువారి ముఖ్యమైన ట్యాంకుకు 97వ రకమని పేరు. వారికి తమ మొదటి చక్రవర్తినుండి లెక్కించే శకం ఒకటి వుంది. ఆ లెక్కన 2597వ సంవత్సరం మన 1937. చివరి రెండంకెలే ట్యాంకు పేరు. మన తాతలు ప్రభవలోనో విభవలోనో పుట్టామని చెప్పుకొన్నట్టే యిదీను. బరువు పదిహేను టన్నులు, లోపల నలుగురు మనుషులు, డీజిలు యంజను. కవచం మాత్రం మందమైనచోట కూడ ఇంచుమించు ఒక అంగుళమే. దానికంటె చిన్నది 95వ రకం. దాని కవచం అర అంగుళం కూడ లేదు. చైనాలో ఫిరంగులు తక్కువైన సేనలమీద, మలయాలో అసలు ట్యాంకులే లేని సేనమీద అది చాలింది. 1939లో మంగోలియా సరిహద్దున ఖల్ఖిన్ గోల్ దగ్గర రష్యావారితో తలపడినప్పుడు మాత్రం చాలలేదు. అక్కడ జూలై మొదటి వారంలో రెండు ట్యాంకు రెజిమెంట్లు కొద్ది రోజులకే దెబ్బతిని వెనక్కు రావలసివచ్చింది. ఆ దెబ్బ, ఆ మరుసటి యేడు జర్మనీవారు ఫ్రాన్సులో ట్యాంకులతో చేసిన పని, రెండూ చూచి జపానువారు పెద్ద ట్యాంకు దళాలు కావాలని నిశ్చయించుకొన్నారు.

అలా 1942 జూన్‌లో మంచూరియాలో రెండవ ట్యాంకు డివిజన్ పుట్టింది. డివిజన్ అంటే వట్టి ట్యాంకుల గుంపు కాదు. ట్యాంకులతో సమానంగా లారీలలో పరుగెత్తే కాల్బలం, మోటార్లు లాగే ఫిరంగులు, వంతెనలు కట్టేవారు, మరమ్మతు చేసే మేస్త్రీలు, నూనె మోసేవారు అందరూ కలిస్తేనే డివిజన్. మలయాలో గెలిచిన ఆరవ రెజిమెంటు, 1942లో ఫిలిప్పీనులో బతాన్ యుద్ధంలో పాల్గొన్న ఏడవ రెజిమెంటు యిందులోనివే. పదవది, పదకొండవది కూడ వుండేవి. చెట్టూ చేమా లేని మైదానాలలో, గడ్డకట్టే చలిలో, రష్యావారు వస్తే యెలా యెదుర్కోవాలని వీరు రెండేళ్ళు సాధన చేశారు. రష్యావారు రాలేదు.

యీ డివిజన్ తొలి సేనాని ఒకాద తసుకు. ఆయన సంగతి ఒకటి చెప్పక తప్పదు. తరువాత ఆయన జపానులో నగోయా ప్రాంతపు సేనకు అధిపతి అయ్యాడు. 1945లో అక్కడ పట్టుబడిన అమెరికా వైమానికులకు మరణశిక్ష విధించినందుకు యుద్ధానంతరం విచారణ జరిగింది. ఆయన క్రిందివారి మీదికి నెట్టక బాధ్యత అంతా తనదేనన్నాడు. నగరాలమీద బాంబులు వేయడం న్యాయమా అని కోర్టులోనే ప్రశ్నించాడు. 1949 సెప్టెంబరులో ఉరితీశారు. చంపించినది ఖైదీలను. దానిని మేము సమర్థించము. కాని పై అధికారి తప్పుకొని, కింది గుమాస్తా బలి అయ్యే లోకంలో ఆ మనిషి నిలిచిన తీరు గమనింపదగినది.

1944 వేసవికి జపాను పరిస్థితి తలక్రిందులైంది. మంచూరియాలో వున్న యీ డివిజన్‌ను ఫిలిప్పీనులోని లూజాన్ ద్వీపానికి పంపమని ఉత్తరువైంది. అప్పటికే పదకొండవ రెజిమెంటును విడదీసి ఉత్తరాన కురిల్ దీవులకు పంపివేశారు. మిగిలినవారు ఓడలెక్కారు. ఆ సముద్రం నిండా అమెరికా సబ్‌మెరీన్లు. కొంత సరంజామా, కొందరు మనుషులు లూజాన్ ముఖమైనా చూడకుండా మునిగిపోయారు. చేరినవి రెండువందల పైచిలుకు ట్యాంకులు. సేనాని ఇవనక యోషిహారు. ఆయన పైన లూజాన్ సేనలన్నిటికీ అధిపతిగా అక్టోబరులో వచ్చినవాడు యమషిత. మలయాను, సింగపూరును గెలిచిన ఆ యమషితయే.

చేతిలో ట్యాంకు డివిజన్, యెదుట లూజాన్ నడిమి మైదానం. వరిచేలు, తిన్నని రోడ్లు. ట్యాంకులకు యింతకంటె అనువైన చోటు ఆ దీవులలో లేదు. అయినా యమషిత అక్కడ యుద్ధం చేయదలచలేదు. ఆకాశం అమెరికావారిది. పగటిపూట రోడ్డుమీద కదిలిన ప్రతి బండీ విమానాలకు గురి. నూనె కొరత. పైగా ముప్ఫై టన్నుల అమెరికా షెర్మన్ ట్యాంకు ముందు 97వ రకం నిలువదు. జపానులో ఉక్కు ఓడలకు, విమానాలకు పోగా మిగిలినదే ట్యాంకులకు. తరువాత తయారైన మెరుగైన రకాన్ని స్వదేశ రక్షణకని దాచుకొన్నారు. కనుక యమషిత సేనలను ఉత్తరపు కొండలకు లాగుకొని, వీలైనన్ని నెలలు శత్రువును అక్కడ కట్టిపడవేయాలనుకొన్నాడు. మందుగుండు, బియ్యం సాన్ హోసే ఊరి దగ్గర గుట్టలుగా పడివున్నాయి. అవి కొండలెక్కేవరకు మైదానంలో కొన్ని ఊళ్ళు పట్టుకొని వుండమని ట్యాంకు డివిజన్‌కు చెప్పారు. పరుగెత్తడానికి పుట్టిన దళానికి కదలకుండా కూర్చునే పని యిచ్చారన్నమాట. కలిసి వుండవలసినదానిని ముక్కలు చేసి సాన్ మాన్యుయెల్, మున్యోజ్, లుపావ్ అనే మూడు ఊళ్ళకు పంచారు.

అమెరికావారు 1945 జనవరి 9న లింగాయెన్ అఖాతంలో దిగారు. సాన్ మాన్యుయెల్‌లో షిగెమి అనే మేజర్ జనరల్ ఏడవ రెజిమెంటుకు చెందిన సుమారు నలభై అయిదు ట్యాంకులను తోటలలో, యిళ్ళ చాటున గోతులు తవ్వి దింపాడు. జనవరి 24న దాడి మొదలైంది. ఆనాడు తెరపి పొలంలో దెబ్బతిన్న తన కంపెనీవారికి చికిత్స చేస్తూ, తుపాకిగుండ్ల మధ్య మళ్ళీ మళ్ళీ వెళ్ళి గాయపడినవారిని యీడ్చుకొని వచ్చి, చివరికి తానే మోర్టారు గుండుకు బలియైన లావెర్న్ పారిష్ అనే అమెరికా వైద్య సిపాయి పేరు యిక్కడ చెప్పుకోవాలి. ఆనాడు ఆ కంపెనీలో గాయపడిన 37 మందిలో దాదాపు అందరికీ అతని చేయి తగిలింది. చనిపోయిన తరువాత ఆ దేశపు అత్యున్నత పతకం యిచ్చారు. నాలుగు రోజులు యింటింటికీ పోరు. 28న తెల్లవారకముందే మిగిలిన ట్యాంకులలో పదమూడు బయటికి వచ్చి, కాల్బలంతో కలిసి అమెరికా వరుసలమీదికి పోయాయి. వాటిలో చాలభాగం అక్కడే కాలిపోయాయి. షిగెమి కూడ చనిపోయాడు. మూడేళ్ళ క్రితం అదే ద్వీపంలో గెలిచిన రెజిమెంటు అది.

మున్యోజ్‌లో వున్నది ఆరవ రెజిమెంటు, స్లిమ్ నది రెజిమెంటు. కర్నల్ ఇద దాని అధిపతి. యాభై దాకా ట్యాంకులు. ఒక్కొక్కదానిని గోతిలో దింపి, పైన మన్ను, కొయ్య దుంగలు కప్పి, ఫిరంగి వున్న తల మాత్రం బయటికి వుంచారు. దూరాననుండి చూస్తే మట్టిదిబ్బ. అమెరికావారికి ఒక్కొక్క దిబ్బ దగ్గరా మనుషులు చచ్చారు. ఫిబ్రవరి మొదటి వారమంతా అలా గడిచింది. కాని గోతిలోని ట్యాంకు పక్కకు తిరగలేదు, దెబ్బ తగిలితే వెనక్కు పోలేదు. రోజుకు కొన్ని చొప్పున తరిగిపోతూ వచ్చాయి. యీలోగా, 4వ తేదీన, వెనుకనున్న సాన్ హోసే అమెరికావారి వశమైంది. ఆ సంగతి మున్యోజ్‌కు తెలిసినట్టు లేదు.

7వ తేదీ తెల్లవారుజామున మిగిలిన ట్యాంకులు గోతులనుండి పైకి వచ్చి, లారీలతో, కాల్బలంతో వరుస కట్టి, సాన్ హోసే వైపు రోడ్డు పట్టాయి. చీకటి, ఒకే రోడ్డు, వరుసగా ట్యాంకులు. అన్నీ స్లిమ్ నదిలాగే. కాని యీసారి రోడ్డు పొడుగునా ఫిరంగులు గురిపెట్టి కాచుకొని వున్నవారు అమెరికనులు. వెలుతురు వచ్చేసరికి ఆ వరుస రోడ్డుమీదనే కాలుతూ వుంది. ఇద కూడ మరణించాడు. మలయాలో ఆ రాత్రి ట్యాంకు నడిపినవారిలో యెందరు అక్కడ వున్నారో గాని, కవచం అదే, వేగం అదే. యెదుట నిలిచినవారు మారారు. కబురు అందనివారు ఆనాడు మన సిపాయిలైతే, యీనాడు వారు.

లుపావ్‌లో పదవ రెజిమెంటు కూడ మరునాటికి అలాగే చెల్లాచెదరైంది. ఒక నెల తిరగకుండా ట్యాంకు డివిజన్ ట్యాంకులు లేని డివిజనైంది. అయితే అప్పటికి సాన్ హోసే సరకులు చాలవరకు కొండలెక్కిపోయాయి. అప్పగించిన పని జరిగిందనే చెప్పాలి.

మిగిలిన డ్రైవర్లను, ఫిరంగివారిని, మేస్త్రీలను పోగుచేసి ఇవనక కాల్బలంగా మార్చాడు. వీరు సలక్సాక్ కనుమలో విల్యవెర్దె కాలిబాట మీద కాచుకొన్నారు. ఒక స్పానిష్ మతగురువు పేర పిలిచే ఆ బాట నిట్టనిలువు కొండల అంచున, కొన్నిచోట్ల మబ్బులలో పోతుంది. అక్కడ అమెరికా 32వ డివిజన్‌ను మార్చినుండి మే నెలాఖరు దాకా ఆపారు. ఆ దారిలో ఎనిమిది వందల మందికి పైగా అమెరికనులు చనిపోయారు. జపానువారు దానికి కొన్ని రెట్లు. ట్యాంకులతో నిలిచినదానికంటె గునపాలు, బాంబులు చేతబట్టి కొండ గుహలలో నిలిచినదే యీ డివిజన్‌కు యెక్కువ కాలమంటే విచిత్రంగా లేదూ?

యమషిత సెప్టెంబరు 2న కొండలు దిగి వచ్చి లొంగిపోయాడు. 1946 ఫిబ్రవరి 23న లాస్ బాన్యోస్‌లో ఉరితీశారు. ఆ ఊరి పేరు మన రైతులకు వేరే విధంగా తెలుసు. అక్కడి అంతర్జాతీయ వరి పరిశోధన కేంద్రం నుండే ఐ.ఆర్. 8 విత్తనం వచ్చింది. 1967లో పశ్చిమగోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావుగారు దానిని పండించి పేరు పొందారు. మున్యోజ్‌లో కూడ యిప్పుడు ఫిలిప్పీను ప్రభుత్వపు వరి పరిశోధన సంస్థ వుంది.

విడిపోయిన పదకొండవ రెజిమెంటు మాట మిగిలింది. కురిల్ దీవులలో కంచట్కాకు ఆనుకొనివున్న షుంషు ద్వీపంలో అది యుద్ధం లేకుండానే గడిపింది. 1945 ఆగస్టు 15న చక్రవర్తి రేడియోలో ఓటమి ప్రకటించాడు. ఇళ్ళకు పోతామనుకొన్నారు. 18న పొగమంచులో రష్యావారు ఆ ద్వీపంమీద దిగారు. కర్నల్ ఇకెద సుయెవొ తన ట్యాంకులను తీసుకొని యెదురు వెళ్ళాడు. ఇరవైకి పైగా ట్యాంకులు పోయాయి, ఆయనా పోయాడు. మంచూరియాలో రెండేళ్ళు యెవరికోసం సాధన చేశారో ఆ రష్యావారిని, యుద్ధం ముగిసిన మూడు రోజులకు కలుసుకొన్నారు. జపాను లిపిలో పది, ఒకటి అనే అంకెలు ఒకదానికింద ఒకటి రాస్తే వీరుడు అనే అక్షరమవుతుంది. అందుచేత పదకొండవ రెజిమెంటుకు వీరుల ఆత్మ అని అర్థం వచ్చే పేరుండేది. యుద్ధానంతరం హొక్కైదోలో యేర్పడిన కొత్త పదకొండవ ట్యాంకు దళంవారు ఆ అక్షరాలనే తమ ట్యాంకులమీద రాసుకొన్నారు. షుంషులో పాతవి కొన్ని తుప్పుపట్టి గడ్డిలో పడివున్నాయి.