నూనె త్రాగు పాత కారు

రాత్రియంతయు ఒకచోట నిలిచియున్న పాత కారును తెల్లవారిన పిదప కొంచెము ముందుకు జరిపినచో, అది నిలిచిన తావున అరచేయంత నల్లని మరక కనబడును. బండి కదలునపుడు వెనుక గొట్టమునుండి నీలిరంగు పొగ తెరవలె లేచి, క్షణకాలము వాకిట తారాడి చెదరిపోవును. ఈ రెండు గుర్తులును చెప్పునది ఒక్కటే: ఇంజనులో నుండవలసిన నూనె ఇంజనులో నిలుచుట లేదు. మరక పడినచోట అది కారుచున్నది. పొగ లేచినచోట అది కాలుచున్నది. నూనె కాల్చు బండిని గూర్చి మన మెకానిక్కులు ‘ఇది నూనె త్రాగుచున్నది’ అందురు. మాట వినుటకు వేడుకగానే యుండును గాని, ఆ త్రాగుడు ఎంతయో ఎరుగని యజమాని ఒకనాడు నడిరోడ్డున నిలిచిపోవును.

మన దేశమున ఈ గుర్తులతో చిరకాలము కాపురము చేసినవారు అంబాసిడరు కారును నడిపినవారు. ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డు కారును అనుసరించి, పశ్చిమ బెంగాలులోని ఉత్తర్‌పారా కర్మాగారమున 1957 మొదలు 2014 వరకు ఈ కారు తయారైనది. మంత్రులును, కలెక్టరులును, పెండ్లివారును, టాక్సీవారును దానిలోనే తిరిగిరి. పెక్కు సంవత్సరములు దానికి 1489 ఘన సెంటీమీటర్ల బ్రిటిష్ ఇంజనే ఉండెను. దిట్టమైన ఇంజను, ఊరూర బాగుచేయువారు గల ఇంజను. అయినను వయసు మీరిన అంబాసిడరు క్రింద పొడి నేలను చూచినవారు అరుదు.

నూనె చేయు పని తెలిసినగాని దాని లోటు ఎంతటిదో తెలియదు. నిమిషమునకు 3,000 సార్లు తిరుగుచున్న ఇంజనులో ప్రతి పిస్టను సెకనుకు 50 మారులు పైకెక్కి, 50 మారులు క్రిందికి దిగును. ఆ వేగమున లోహము లోహమును ఒరసికొన్నచో కొలది నిమిషములలోనే రెండును వేడెక్కి పట్టుకొనిపోవును. అట్లు జరుగకుండుటకై ఇంజను అడుగున ఛాంబరు అను తొట్టిలో నూనె పోయుదురు. అంబాసిడరు వంటి బండికి అది సుమారు 4 లీటర్లు. ఒక పంపు ఆ నూనెను పీల్చి, సన్నని త్రోవలగుండ క్రాంకుషాఫ్టు బేరింగులకు ఒత్తిడితో పంపును. అప్పుడు తిరుగుచున్న షాఫ్టు బేరింగును తాకనే తాకదు. వెండ్రుకకంటె పలుచనైన నూనె పొరమీద తేలుచుండును. ఆ నూనెయే పిస్టనుల వేడిని కొంత తీసికొని పోవును. అరిగిన లోహపు పొడిని ఫిల్టరునకు చేర్చును.

మరి ఇట్టి నూనె ఎట్లు కాలిపోవుచున్నది? పిస్టను సిలిండరులో బొత్తిగా బిగువుగా నుండదు. వేడికి వ్యాకోచించుటకు దానికి చోటు కావలెను. ఆ సందును మూయుటకై పిస్టను చుట్టు గాడులు తీసి, వానిలో స్ప్రింగువలె సాగు రింగులను అమర్చుదురు. పై రింగులు మండుచున్న వాయువును క్రిందికి జారనీయవు. అడుగు రింగు సిలిండరు గోడపై చిమ్మబడిన నూనెను గీకి, మరల ఛాంబరులోనికి దింపును. దోసెల పెనమునకు ఉల్లిపాయ చెక్కతో నూనె రాచినట్లు, గోడమీద పలుచని పొర మాత్రమే మిగులవలెను. లక్షల కొలది కిలోమీటర్లు తిరిగిన ఇంజనులో రింగులు అరిగి బిగువు చెడును. సిలిండరు గోడయు సమముగా అరుగదు. పైభాగమున ఎక్కువ అరిగి, గుండ్రని రంధ్రము కొంచెము కోల వాటమగును. దీనినే ‘బోరు పోయినది’ అందురు. అప్పుడు గీకబడని నూనె పైకి చేరి పెట్రోలుతో పాటు మండి, నీలిపొగయై వెడలును.

నూనె పైకి చేరుటకు వేరొక దారియు కలదు. సిలిండరు తలమీద తెరచుచు మూయుచు నుండు వాల్వుల కాడలు గైడు అను సన్నని గొట్టములలో ఆడుచుండును. ఆ గైడులు అరిగినచో పైనుండి నూనె బొట్లుబొట్లుగా లోనికి జారును. ఈ రెండు దారులలో ఏది తెరచుకొన్నదో తెలిసికొనుటకు ముందుగా ఇంజనును విప్పనక్కరలేదు. పొగ వచ్చు వేళను గమనించిన చాలును. బండి భారము లాగునప్పుడెల్ల, ఎత్తు ఎక్కునప్పుడెల్ల పొగ విడువక వచ్చుచున్నచో రింగులను అనుమానింపవలెను. రాత్రి నిలిచిన బండి ఉదయమున ఒక్క గుప్పెడు పొగ విడిచి ఊరకుండినచో, రాత్రియంతయు గైడులవెంట దిగిన నూనెయే అందుకు కారణము. తిరుమల ఘాటు రోడ్డు వంటి దారిలో దిగి వచ్చు బండి ఇంకను బాగుగా సాక్ష్యమిచ్చును. దిగునంతసేపు డ్రైవరు ఎక్సలరేటరుపై కాలు మోపడు; పెట్రోలు ఇంజనులో అప్పుడు లోపల పీల్పు మిక్కుటమై, అరిగిన గైడులనుండి నూనెను లాగుకొనును. దిగువకు వచ్చి మరల కాలు మోపగానే వెనుక వచ్చువారికి దారి కనబడనంత నీలిపొగ లేచును. నల్లపొగ వేరు, అది పెట్రోలు మితిమీరి మండుటకు గుర్తు. చలికాలపు ఉదయమున కనబడి మాయమగు తెల్లని పొగ ఒట్టి నీటి ఆవిరి. దానిని చూచి బెదరి మెకానిక్కునకు డబ్బిచ్చువారును కలరు.

కారుట మరియొక తీరు. ఇంజను ఒకే ముద్ద కాదు. పైన మూత, అడుగున ఛాంబరు, ముందు వెనుకల తొడుగులు వేరువేరుగా తయారై బోల్టులతో బిగింపబడును. ఆ అతుకుల నడుమ బెండు, కాగితము, రబ్బరు వంటి వానితో చేసిన ప్యాకింగులు ఉండును. ఏండ్ల తరబడి వేడికి మ్రగ్గి అవి గట్టిపడి పగులును. ఇక చుక్క పడినచోటనే చిల్లి ఉన్నదనుకొనుట పొరపాటు. పైమూతనుండి కారిన నూనె ఇంజను ప్రక్కగా దిగి, బండి పరుగులో గాలికి వెనుకకు కొట్టుకొనిపోయి, ఎక్కడనో అడుగున చుక్కయై నిలుచును. కావున నేర్పరియగు మెకానిక్కు ముందుగా ఇంజనును శుభ్రముగా కడిగి తుడుచును. అనుమానమున్న చోట్ల ముఖమునకు వాడు పౌడరును చల్లి, కొంత దూరము నడిపి వచ్చి, తడిసిన తావులలో మిక్కిలి ఎత్తున ఉన్నదానిని వెదకును. అచటనే మొదటి చిల్లి. బండి క్రింద రాత్రి ఒక అట్టను పరచి ఉంచినచో, తెల్లవారుసరికి ఎన్ని చుక్కలు, ఏ వరుసలో పడినవో అదియే పటము గీసినట్లు చూపును.

కొన్ని కారుళ్లకు తప్పు ప్యాకింగునది కాదు. రింగుల ప్రక్కనుండి జారిన వాయువు ఛాంబరులో పోగగును. అది వెలుపలికి పోవుటకు బ్రీదరు అను గొట్టమొకటి ఉండును. జిడ్డుతోను దుమ్ముతోను ఆ గొట్టము మూసికొనిపోయినప్పుడు, లోపలి ఒత్తిడి నూనెను ప్రతి అతుకునుండియు వెలుపలికి త్రోయును. ఎన్ని క్రొత్త ప్యాకింగులు వేసినను కారుట ఆగదు. కిరసనాయిలుతో ఆ గొట్టమును కడిగినచో, ఖర్చు లేకయే ఆగినను ఆగవచ్చును. ఇంజను దింపవలెనని తొందరపడు మెకానిక్కును ఈ గొట్టమును చూచితివా అని అడుగుట యజమానికి మేలు.

ఎంత బాగుచేసినను మానని చుక్క కూడ ఒకటి కలదు. ఆ కాలపు బ్రిటిష్ ఇంజనులు కొన్నింటిలో క్రాంకుషాఫ్టు వెనుక కొసన రబ్బరు సీలు లేదు. దానికి బదులుగా షాఫ్టుమీదనే మరచుట్టు వంటి గాడి చెక్కబడి యుండును. షాఫ్టు తిరుగుచున్నంతసేపు ఆ గాడి నూనెను లోనికే త్రిప్పి పంపును, చక్కని ఏర్పాటు. కాని ఇంజను ఆగిన తరువాత త్రిప్పువారెవరు? మిగిలిన నూనె మెల్లగా జారి, నిలిచిన బండి క్రింద రెండు మూడు చుక్కలై పడును. ఇది రోగము కాదు, పుట్టుకతో వచ్చిన లక్షణము. కాని ఆ చుక్క ధారయై క్లచ్చు పలకలను తడిపినచో క్లచ్చు జారును. బండి ఎత్తు ఎక్కలేదు. అప్పుడు ఊరకుండరాదు.

నూనె త్రాగు బండిని నడుపుట నేరము కాదు. కొన్ని క్రొత్త కార్లకు సయితము 1,000 కిలోమీటర్లకు అర లీటరు మొదలు ఒక లీటరు వరకు ఖర్చగుట సహజమేయని తయారుచేసినవారే చెప్పుదురు. ఎంత ఖర్చగుచున్నదో తెలియక నడుపుటయే కీడు. ఒక లెక్క చూడుడు. ఒక టాక్సీ 500 కిలోమీటర్లకు లీటరు నూనె త్రాగుచున్నదనుకొందము. నూనెను కొలుచు పుల్లమీద పై గీతకును క్రింది గీతకును నడుమ నున్న తేడా పెక్కు కార్లలో సుమారు ఒక లీటరు. విజయవాడనుండి హైదరాబాదునకు పోయి వచ్చుటకు 500 కిలోమీటర్లకు పైగా అగును. బయలుదేరునాడు నూనె పై గీతవద్ద ఉన్నచో బండి క్రింది గీతకు దిగి ఇల్లు చేరును. సగములో ఉన్నచో హైదరాబాదు చేరుసరికే క్రింది గీత తాకును. తిరుగు ప్రయాణము ఇక అపాయమే. పెట్రోలు ముల్లును పదిసారులు చూచిన డ్రైవరు ఆ పుల్లను ఒక్కసారి తీసి చూడకపోవుట వలన, ఎదుట మలుపులో ఎర్రదీపము మినుకుమనును. మలుపు తిరుగునపుడు ఛాంబరులోని కొద్దిపాటి నూనె ఒకప్రక్కకు ఒరిగి, పంపు నోట గాలి చేరుటయే ఆ మినుకునకు కారణము. అది వెలిగిన క్షణముననే బండిని ప్రక్కకు తీసి ఇంజను ఆపవలెను. ఇంకొక ఊరు దాటి చూతమనుకొన్నచో, నూనె పొర తెగిన బేరింగులు కరగి ఇంజను సీజగును. నూరు రూపాయల లెక్కలో పోవలసినది వేల రూపాయల లెక్కకు వచ్చును. బండిమీద బ్రతుకువానికి పని లేని దినములు అదనము.

పుల్లను చూచుటకును పద్ధతి కలదు. బండి సమతలమున నిలువవలెను. ఇంజను ఆపి కొన్ని నిమిషములు గడిచిన పిదప, పైన నున్న నూనె అడుగునకు దిగును. అప్పుడు పుల్లను తీసి, గుడ్డతో తుడిచి, మరల పూర్తిగా దించి తీసి చూడవలెను. తుడువక చూచినది లెక్కకు రాదు. తక్కువైన భయముతో పై గీత దాటునట్లు పోయుటయు తగదు; తిరుగు క్రాంకు ఆ నూనెను చిలికి నురుగు చేయును, నురుగు బేరింగును మోయలేదు. అనుభవము గల డ్రైవరులు డాష్‌బోర్డులో చిన్న నోటుపుస్తకము ఉంచి, పోసిన నూనెను, నాటి కిలోమీటర్లను వ్రాసికొందురు.

అరిగిన ఇంజనులో చిక్కని నూనె పోయుట వాడుక. డబ్బామీద 20డబ్ల్యు-50 అను అంకెలుండును. డబ్ల్యు అనునది చలికాలమును సూచించు అక్షరము. దాని ముందరి అంకె చలిలో నూనె పారుదలను, తరువాతి అంకె వేడిలో చిక్కదనమును తెలుపును. వేడిలో చిక్కగా నుండు నూనె అరిగిన సందులనుండి తక్కువగా జారును. మన మైదానముల చలికి ఇట్టి నూనె ఇబ్బంది పెట్టదు. ఇక అంగళ్లలో అమ్ము ‘పొగ మాన్పు’ మందుల సంగతి: అవి నూనెను చిక్కపరచవచ్చును, గట్టిపడిన రబ్బరును కొంత మెత్తపరచవచ్చును, అరిగిపోయిన ఇనుమును తెచ్చి అతికింపజాలవు.

యజమాని ఓర్పునకు హద్దు లేకున్నను ఊరి ఓర్పునకు హద్దు కలదు. నీలిపొగ వెనుక వచ్చువాని ఊపిరితిత్తులలోనికే పోవును. రోడ్డుపై పడిన నూనె తొలకరి చినుకులకు జారుడుగా మారి ద్విచక్ర వాహనములను పడవేయును. ఇటీవలి కార్లలో పొగను శుద్ధిచేయు కెటలిటిక్ కన్వర్టరు కలదు. మన దేశపు నాలుగు మహానగరములలో క్రొత్త పెట్రోలు కార్లకు అది 1995లో తప్పనిసరి యైనది. కాలిన నూనెలోని భాస్వరము దానిని క్రమముగా పాడుచేయును. కావున అట్టి కారు నూనె త్రాగుచున్నచో ఓర్చుకొనుట చౌక బేరము కాదు.

నోటుపుస్తకములోని అంకెలు 1,000 కిలోమీటర్లకు లీటరునుండి 600కు, 400కు దిగివచ్చి, ప్లగ్గులు నూనెతో తడిసి ఇంజను తడబడునప్పుడు విప్పవలసిన కాలము వచ్చినదన్నమాట. విప్పుటకు ముందు మెకానిక్కు ఒక పరీక్ష చేయును. ప్లగ్గు తీసిన రంధ్రమున గేజి అమర్చి సిలిండరు ఒత్తిడిని కొలుచును. తరువాత చెంచాడు నూనె లోన పోసి మరల కొలుచును. నూనె సందును మూయుటచే ఒత్తిడి పెరిగినచో లోపము రింగులది, పెరుగనిచో వాల్వులది. వాల్వులయినచో తల ఒక్కటి దింపిన చాలును. బోరు అయినచో ఇంజను బయటకు రావలసినదే. విజయవాడ ఆటోనగరు వంటి చోట్ల లేతు యంత్రములవారు సిలిండరును తొలిచి మరల గుండ్రముగా చేయుదురు. పెరిగిన రంధ్రమునకు తగినట్లు కొంచెము పెద్ద పిస్టనులను, క్రొత్త రింగులను వేయుదురు. దింపిన నల్లనూనెను కాలువలో పోయరాదు. శుద్ధిచేయుటకు అనుమతి గలవారికి ఈయవలెను.

క్రొత్త రింగులు గోడకు ఒదుగుటకు కొన్ని వందల కిలోమీటర్లు పట్టును. ఆ దినములలో బండిని మెల్లగా నడుపుచు, పూర్వము డ్రైవరులు వెనుక అద్దమునకు ‘ఇంజను క్రొత్తది, దయచేసి దాటిపొండు’ అను అట్ట కట్టుకొనెడివారు. మొదట కొంచెము నూనె కాలును. తరువాత పుల్లమీది గీత కదలక నిలుచును, నీలిపొగ మాయమగును. షాఫ్టు వెనుక గాడినుండి జారు ఆ రెండు మూడు చుక్కలు మాత్రము ఎప్పటివలెనే పడుచుండును. రాత్రి బండి క్రింద అట్ట పరచుట మరువరాదు.