పెద్దవారికి వినబడుతుంది, మాట తెలియదు – ఎందుకని?

"మీరు మాట్లాడేది వినబడుతోంది గాని, ఏమంటున్నారో తెలియడం లేదు." వయసు పైబడినవారు తరచుగా చెప్పే మాట ఇది. "కావలసినవే వినబడతాయి" అని ఇంట్లోవారు విసుక్కుంటారు. కాని వారు చెప్పేది నిజమే.

శబ్దం అంటే గాలిలో కంపనం. సెకనుకు ఎన్ని కంపనాలో ఆ సంఖ్యే ఫ్రీక్వెన్సీ. దీనిని హెర్ట్జ్‌లలో కొలుస్తారు. ఆరోగ్యమైన యువకుల చెవి సుమారు 20 నుండి 20,000 హెర్ట్జ్ వరకు వింటుంది. ఉరుము, డోలు, బస్సు ఇంజను – ఇవి తక్కువ ఫ్రీక్వెన్సీ శబ్దాలు. పిచ్చుక కిచకిచలు, గజ్జెల మోత ఎక్కువ ఫ్రీక్వెన్సీవి.

మన మాటలో ఈ రెండూ ఉంటాయి. ఆ, ఊ వంటి అచ్చుల బలమంతా తక్కువ ఫ్రీక్వెన్సీలోనే. స, చ, త వంటి హల్లులు ఎక్కువ ఫ్రీక్వెన్సీవి, పైగా బలహీనమైనవి. వయసుతో లోపలి చెవిలో ఎక్కువ ఫ్రీక్వెన్సీని పట్టే సూక్ష్మకణాలే ముందుగా దెబ్బతింటాయి. అవి తిరిగి పుట్టవు. అందువల్ల పాలు, కాలు, చాలు అన్నీ ఒకేలా వినబడతాయి. రేడియోలో ట్రెబుల్ పూర్తిగా తగ్గించి బాస్ మాత్రమే ఉంచితే వార్తలు ఎలా మూసుకుపోయినట్లుంటాయో, వారికి మన మాట అలా ఉంటుంది.

ఇంట్లోవారు చేయవలసినవి:

1. అరవకండి. అరిస్తే అచ్చులే పెద్దవవుతాయి, హల్లులు స్పష్టం కావు.
2. వెలుతురులో, ఎదురుగా కూర్చుని నిదానంగా మాట్లాడండి. పెదవుల కదలిక వారికి సాయపడుతుంది.
3. మాట్లాడేటప్పుడు టీవీ ఆపండి.
4. అర్థం కాకపోతే అదే మాటను మళ్ళీ మళ్ళీ అనక, వేరే మాటల్లో చెప్పండి.

చెవిలో నూనె, పిన్నులు పెట్టకండి. గులిమి వల్ల కూడా వినికిడి తగ్గవచ్చు, డాక్టరు చూసి తీస్తారు. వినికిడి పరీక్షలో సాధారణంగా 250 నుండి 8,000 హెర్ట్జ్ వరకు ఒక్కొక్క శబ్దాన్ని వినిపించి, ఎక్కడ లోపముందో గ్రాఫు గీస్తారు. ఆ గ్రాఫును బట్టి, తగ్గిన ఫ్రీక్వెన్సీలనే పెంచేలా వినికిడి యంత్రాన్ని అమర్చుతారు.

ముఖ్య గమనిక: ఒక చెవి ఉన్నట్టుండి, గంటల్లో గాని రెండుమూడు రోజుల్లో గాని వినబడకుండా పోతే అది వయసు వల్ల కాదు. ఆలస్యం చేయక వెంటనే చెవి డాక్టరును కలవండి. త్వరగా మొదలుపెట్టిన చికిత్సకే ఫలితం ఎక్కువ.