మనామా పాతబజారులో మొహర్రం

ఊరి నుంచి ఎవరైనా వస్తే మనం ముందు మాల్‌కి తీసుకెళ్తాం కదా, ఈసారి మనామా సూక్‌కి తీసుకెళ్ళండి. బంగారం కొనడానికి కాదు లెండి!

బాబ్ అల్ బహ్రెయిన్ అంటే బహ్రెయిన్ ద్వారం. చార్లెస్ బెల్‌గ్రేవ్ ప్లానుతో 1949లో కట్టారు. అప్పట్లో సముద్రం దానికి దగ్గర్లోనే ఉండేది, పూడ్చుకుంటూ పోయేసరికి దూరమైంది. దాని వెనక సందుల్లో ముత్యాల వ్యాపారం నాటి వర్తకులు దుకాణాల దగ్గరే ఇళ్ళూ, ప్రార్థనాస్థలాలూ కట్టుకున్నారు. సింధ్‌లోని ఠట్టా నుంచి వచ్చిన భాటియాలు 1817లో కట్టిన శ్రీనాథ్‌జీ గుడి అలాంటిదే. షియాల మాతంలు కూడా ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. మాతం అంటే ఇమాం హుసేన్‌ని తలుచుకుని దుఃఖించే సభాభవనం.

నేను వచ్చిన మొదటి ఏడాది, ఆషూరా సెలవు కదా, రోడ్లు ఖాళీగా ఉంటాయని కారేసుకుని సూక్‌కి బయల్దేరాను. సందులన్నీ జనం! నల్లబట్టలు, గుండెలు బాదుకుంటూ ఊరేగింపు. మా పాప భయపడి నా చెయ్యి వదల్లేదు. మాది అనంతపురం జిల్లా. పక్కనున్న మా అమ్మ మాత్రం, "ఇది మన గూగూడు పీర్ల పండగే కదరా!" అంది.

అమ్మ మాట సగం నిజం. 680లో కర్బలాలో జరిగిన సంగతే రెండుచోట్లా మూలం. గూగూడులో కుళ్ళాయిస్వామికి మొక్కుకుని హిందువులూ అగ్నిగుండం తొక్కుతారు, అది జాతర. ఇక్కడిది సంతాపం. అందుకని "హ్యాపీ మొహర్రం" అని మెసేజీలు పెట్టకండి. నేను ఆఫీసులో ఒకరికి పెట్టి నాలుక కరుచుకున్నాను.

వెళ్ళాలనుకుంటే కారు దూరంగా ఆపి నడవండి. రంగురంగుల బట్టలొద్దు, అడక్కుండా మనుషుల్ని ఫొటోలు తీయొద్దు. దారిలో టీ, అన్నం ఊరికే పెడతారు, మొహమాటపడకుండా తీసుకోండి. మా అమ్మ డబ్బులివ్వబోతే ఆ కుర్రాడు గుండెమీద చెయ్యి వేసుకుని వద్దన్నాడు. మా ఊళ్ళో పానకానికి డబ్బు తీసుకుంటారా అని తనే నవ్వేసింది.

పిల్లలకి నచ్చేది గర్‌గావూన్. రంజాన్ సగమైన రాత్రి పిల్లలు సంచులు పట్టుకుని, పాడుతూ ఇల్లిల్లూ తిరిగి పప్పులూ మిఠాయిలూ పోగేసుకుంటారు. మీ తలుపూ తట్టవచ్చు, నాలుగు గుప్పిళ్ళ వేరుశెనగకాయలు సిద్ధంగా ఉంచుకోండి. ఉంటానండీ.