పరదేశి తొలి తెలుగు

నల్లగొండ సీమకు క్రైస్తవ బోధకుడై వచ్చిన అబ్రహాము ఫ్రీసెను అను యువకుడు 1889లో రష్యా సామ్రాజ్యమునుండి బయలుదేరెను. ఆతని స్వస్థలము ఇప్పుడు ఉక్రెయినులోనిది, ఇంటిభాష జర్మను. అమెరికా బాప్తిస్టు సంఘము పక్షమున వచ్చి, భార్యతోడ సికింద్రాబాదున తెలుగు నేర్చి, 1890లో నల్లగొండ చేరెను. పిదప సూర్యాపేటలో నిలిచిన హ్యూబర్టు దంపతులును ఆ దేశమువారే.

ఇట్టివారికి తొలిదినములలో ఎండకంటెను కారముకంటెను కష్టమైనది నాలుక తిరుగుట. త, ట అను రెంటికి వారి చెవికి భేదము తోచదు. కోదాడ రైతును "కోత యెప్పుడు?" అని అడుగబోయి "కోట యెప్పుడు?" అనినచో ఆతడేమి చెప్పగలడు? మిర్యాలగూడ సంతలో కోతి కోటి యగును!

"నీవు, మీరు" అను భేదము జర్మనునందును గలదు గనుక పెద్దలను మన్నించి పలుకుట వారికి క్రొత్త గాదు. అసలు చిక్కు "మనము, మేము" అనుచోట. ఈ రెంటికి వారి కొక్కటే మాట. వినువానిని గలుపుకొనిన మనము, విడిచిన మేము. మనకిది తల్లియొడిలోనే అబ్బినది. ప్రార్థనలో దేవునితో "మనము పాపులము" అన్నచో దేవుడును పాపుల వరుసలో జేరును. అదే రచ్చకట్టపై "మేము పాపులము" అన్నచో వినువారందరు పుణ్యాత్ములై లేచిపోవచ్చును! బోధ యంతయు ఒక్క మాటచే తారుమారగును.

1873లో ఆర్డెను ప్రకటించిన తెలుగు వ్యాకరణ ముండెను, అదియు ఆంగ్లమున. జర్మను తలంపును ఆంగ్లము చేసి, దానిని మరల తెలుగు చేయుట రెండేరులు దాటుటయే. సూత్రము పుస్తకమున దొరకును. మేము అనవలసినచోట మనము అనకుండుటకు మాత్రము, నవ్వుచునే దిద్దు ఇరుగుపొరుగువారే గురువులు.